గృహవిజ్ఞానము: ల్యాప్‌టాపు వేగమును టంకముతో పెంచవచ్చునా?

ఒకప్పుడు ఇంటిలో కుట్టుమిషను ఎట్లు నలుగురి జీవనమునకు ఆధారమై యుండెనో, నేడు పెక్కు గృహములలో ల్యాప్‌టాపు అట్లే యున్నది. ఒక్క యంత్రముపైననే అమ్మాయి డిప్లొమా పాఠములు, అబ్బాయి దరఖాస్తులు, తండ్రి దుకాణపు లెక్కలు, తల్లి అమ్మకమునకు పెట్టిన చీరల ఫొటోలు నడచుచున్నవి. అది మందగించినచో ఇంటిపని యంతయు మందగించును.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల సోదరీమణులు కొందఱు ఈ నడుమ వ్రాసిన జాబులలో ఇంచుమించుగా ఒకే ప్రశ్న యున్నది. "యంత్రము పాతబడి నెమ్మదించినది. క్రొత్తది కొనుటకు శక్తి చాలదు. లోపలి ప్రాసెసరుదగ్గఱ చిన్న మార్పు చేసి, టంకము పెట్టి, వేగము పెంచి యిత్తునని ఒకరు చెప్పుచున్నారు. ఇయ్యవచ్చునా?" అని.

ఇది మగవారి యంత్రవిషయమని మనము తప్పించుకొనరాదు. వ్యయమగునది ఇంటి సొమ్ము; యంత్రము చెడినచో ఆగిపోవునది మన బిడ్డ చదువు. కావున మా యుత్తరమును ముందే చెప్పెదము: ఇంటివా రాధారపడిన యంత్రమునకు ఆ మార్పు వలదు. అయితే వలదన్నంతమాత్రమున చాలదు. ఏల వలదో తెలిసికొన్న గృహిణిని ఎవరును మాటలతో మభ్యపెట్టజాలరు. ఈ నెల ఆ కారణములనే విచారింతము.

వేగమనగా నేమి?

గద్వాలలో గుంటమగ్గమును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. నేతగాడు కాలితో తొక్కి పడుగును విడదీయును. నడుమ నాడెను పోనిచ్చును. పేకపోగును దగ్గఱకు కొట్టును. మరల తొక్కును. ఈ పనులన్నియు ఒక తాళముమీద నడచును. పోగు ఈ కొసనుండి ఆ కొసకు చేరకముందే కొట్టినచో నేత చెడును.

ప్రాసెసరు పనియు నట్టిదే. బోర్డుమీద నున్న చిన్న స్ఫటిక మొకటి తప్పక తాళము వేయుచుండును. ఆ తాళమును ప్రాసెసరు కొన్ని రెట్లు పెంచుకొని, ఒక్కొక్క తాళమునకు ఒక్కొక్క మెట్టు చొప్పున లెక్కలు చేయును. బోర్డు తాళము సెకనుకు 10 కోట్లు, ప్రాసెసరు రెట్టింపు 16 అనుకొందము. అప్పుడది సెకనుకు 160 కోట్ల తాళములతో పనిచేయును. దానినే 1.6 గిగాహెర్ట్జులందురు. కంపెనీవారు ఖాయపఱచిన దానికన్న ఈ తాళమును వేగిరపఱచుటకే ఓవర్‌క్లాకింగు అని పేరు.

గోళ్లరంగు, పెన్సిలు, తీగముక్క

ఇది పూర్తిగా కల్ల యని మేము చెప్పము. ఒకనాడు ఇది నిజముగా జరిగినది. అదియు మన యింటి సొరుగులలో నుండు వస్తువులతోనే జరిగినది.

1998లో ఇంటెల్ కంపెనీవారు బల్లమీది కంప్యూటర్లకై సెలెరాన్ 300ఏ అను ప్రాసెసరును విడుదల చేసిరి. అది 66 మెగాహెర్ట్జుల తాళమును నాలుగున్నర రెట్లు చేసికొని 300 మెగాహెర్ట్జులతో నడచునది. దాని అంచుననున్న బి21 అను ఒక్క స్పర్శస్థానమును అంటుకాగితముతోనో గోళ్లరంగుతోనో కప్పినచో, తగిన బోర్డు దానికి 66కు బదులు 100 మెగాహెర్ట్జుల తాళము నిచ్చెడిది. ప్రాసెసరు 450కి ఎక్కెడిది. 2000వ సంవత్సరమున ఏ.ఎం.డి. కంపెనీవారి అథ్లాన్, డ్యూరాన్ ప్రాసెసరులపై తెగియున్న సన్నని గీతలను కొందఱు మామూలు పెన్సిలుతో కలిపిరి. పెన్సిలులోని గ్రాఫైటు విద్యుత్తును ప్రసరింపజేయును గదా! దానితో కంపెనీవారు వేసిన రెట్టింపు తాళము ఊడిపోయెడిది.

ల్యాప్‌టాపులలో ఈ పని పేరుపొందినది 2004 తరువాత. ఆనాటి ఇంటెల్ పెంటియం ఎం ప్రాసెసరును ఒక మఱ త్రిప్పి గూటినుండి పైకి తీయవచ్చును. దానికి 470కి పైగా సన్నని కాళ్లుండెను. తాళ మెంత కావలెనో బోర్డునకు సంజ్ఞ చేయునవి వానిలో కొన్నియే. వెండ్రుకవంటి రాగితీగ ముక్కను వంచి గూటిలోని రెండు రంధ్రములను కలిపి, దానిపై ప్రాసెసరును మరల కూర్చుండబెట్టినచో, బోర్డు 100కు బదులు 133 మెగాహెర్ట్జుల తాళము నిచ్చెడిది. పెంటియం ఎం 725 అను రకము 1.6 గిగాహెర్ట్జులనుండి 2.13కు చేరెడిది. బోర్డుమీది తోడుచిప్పు ఆ తాళమును భరింపగలిగినచోటనే ఇది సాగినది. తక్కినచోట్ల యంత్రము మేలుకొననే లేదు.

ఈ అదనపు వేగము ఎక్కడనుండి వచ్చినది? ఒకే అచ్చున తయారైన చిప్పులను కంపెనీవారు పరీక్షించి, కొన్నిటికి హెచ్చు వేగమును, కొన్నిటికి తక్కువ వేగమును ముద్రింతురు. తక్కువ వేగపు సరకునకు గిరాకి హెచ్చినప్పుడు మంచి చిప్పులుకూడ తక్కువ ముద్రతో అమ్ముడుపోవును. తీగముక్క క్రొత్త శక్తిని పుట్టించలేదు. ముద్ర వెనుక దాగియున్న శక్తిని వెలికి తీసినది. ఇది గుర్తుంచుకొనవలెను.

నేడు ఏల సాగదు?

మొదటిది: ప్రాసెసరు తాళమును ఎన్ని రెట్లు చేసికొనవలెనో ఆ సంఖ్యను సామాన్య ప్రాసెసరులన్నిటిలో కంపెనీవారు బిగించివేసిరి. ఖరీదైన ఆటల ల్యాప్‌టాపులు కొన్నింట మాత్రము వదలియుంతురు. అట్టివానికి కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేరే చాలును, టంకముతో పనిలేదు.

రెండవది మన గద్వాల చీరవంటిది. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. ఒడలికి ఒక నాడె, ఇరుప్రక్కల అంచులకు వేఱువేఱు నాడెలు. ఒడలి పోగును అంచు పోగును ప్రతి వరుసయందును ఒకదానితో నొకటి మెలివేసి కలుపుదురు. నేతగాడు వేగిరపడి, ప్రక్కనుండి నాడె నందించు చేయి ఆ వేగము నందుకొనలేనిచో ఆ కలయిక తప్పును. చీర అంచుకడ విడిపోవును. 2011లో వచ్చిన ఇంటెల్ రెండవతరము కోర్ ప్రాసెసరులలో ఇట్టి కలయికయే యేర్పడినది. ప్రాసెసరునకును, డిస్కునకును, ఇతర భాగములకును తాళ మిచ్చునది ఒక్కటే మూలమయ్యెను. దానిని నూటికి కొద్దిపాళ్లకన్న పెంచినచో ప్రాసెసరు తట్టుకొన్నను తక్కినవి తడబడును. తరువాతి తరములలో కొన్నింట ఈ ముడి సడలినను, సామాన్య ల్యాప్‌టాపులలో ఆ ద్వారము మూసియే యున్నది.

మూడవది: 2015 ప్రాంతమునుండి సామాన్య ల్యాప్‌టాపు ప్రాసెసరులు గూటిలో కూర్చుండుట మాని బోర్డునకే అతుకబడుచున్నవి. పైకి తీయుటకు కాళ్లు లేవు, తీగ పెట్టుటకు రంధ్రములు లేవు. "తీగముక్కతో చేసి యిత్తును" అని నేడెవరైన చెప్పినచో, ఇరువదియేండ్లనాటి యంత్రముమాట మన యంత్రమునకు చెప్పుచున్నారని గ్రహింపవలెను.

జ్వరమానిని చెఱచువిధము

ఇక నేడు టంకముతో చేయగలిగినది ఒకటి మిగిలియున్నది. అది తాళమునకు సంబంధించినది కాదు, కొలతకు సంబంధించినది. ప్రాసెసరునకు ఎంత విద్యుత్తు పోవుచున్నదో కొలుచుటకు కొన్ని బోర్డులమీద అతిస్వల్ప నిరోధముగల ముక్క లుండును. అట్టి ముక్కపై సమాన నిరోధముగల మఱొక ముక్కను టంకముతో అతికినచో కొలత సగమునకు దిగును. పలుచని ల్యాప్‌టాపుల ప్రాసెసరులకు సాధారణముగా 15 వాట్ల హద్దుండును. కొలత సగమైనచో యంత్రము 30 వాట్లను మ్రింగుచుండియు 15 అనియే తలచును.

దీనివలన కొంతసేపు వేగము హెచ్చునను మాట సత్యమే. కాని, ఇది జ్వరమును తగ్గించుట కాదు, జ్వరమానిని చెఱచుట. ఆ హద్దును కంపెనీవారు పిసినితనముచేత విధింపలేదు. పెట్టె పలుచనిది, ఫ్యాను చిన్నది, ఛార్జరు 45 లేక 65 వాట్లది. వీనినన్నిటిని లెక్కించి గీచిన గీత యది. గీతను చెఱిపినంతమాత్రమున ఫ్యాను పెద్దది కాదు.

వేడిమి లెక్క

ఈ విషయమున అసలు కీలకము వేడిమి. ప్రాసెసరులోని వేడిమి తాళపు వేగముతో సమానముగా పెరుగును. దానికిచ్చు వోల్టేజితో మాత్రము వర్గప్రమాణమున పెరుగును. వేగము హెచ్చినప్పుడు లోపలి మీటలు తాళము పడకముందే పని ముగింపవలెను గనుక, తఱచుగా వోల్టేజినికూడ పెంచవలసివచ్చును. వేగము నూటికి 20 పాళ్లును, వోల్టేజి నూటికి 10 పాళ్లును పెంచితిమనుకొందము. 1.2ను 1.1తో రెండుమాఱులు హెచ్చవేయగా 1.45 వచ్చును. అనగా 20 పాళ్ల వేగమునకై 45 పాళ్ల వేడిమిని కొనుచున్నాము. ఇది లాభసాటి బేరమేనా?

పైన చెప్పిన పెంటియం ఎం 725కు కంపెనీవారు నిర్ణయించిన వేడిమి 21 వాట్లు. అదే జాతిలో 2.13 గిగాహెర్ట్జులకు వారు స్వయముగా అమ్మిన 770 రకమునకు 27 వాట్లు. తీగముక్క పెట్టినవాడు ఆ యాఱు వాట్ల వేడిమిని 21 వాట్లకని కొలిచి చేసిన పెట్టెలోనే పోయుచుండెను.

ఇప్పుడు మన ప్రాంతమునకు వత్తము. ప్రాసెసరు ఇంచుమించు 100 డిగ్రీలకు చేరినప్పుడు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తానే తగ్గించుకొనును. గది వేడిమి 25 డిగ్రీలైనచో, ఆ హద్దునకు 75 డిగ్రీల యెడమున్నది. మన వేసవిలో రేకులయింట గది 40 డిగ్రీలున్నప్పుడు ఆ యెడము 60 మాత్రమే. చల్లార్చుశక్తి ఈ యెడమునుబట్టి యుండును గనుక, అందులో అయిదవవంతు యంత్రము తెఱవకముందే పోయినది. అట్టిచోట ఇంకను వేడిమి చేర్చినచో నేమగును? మాఘమాసమున వేగము పెరిగినదని సంతోషించినవారు, వైశాఖమున మొదటికన్న నెమ్మదిగా నడచుట చూతురు. వెచ్చించినది వేగమునకు, వచ్చినది మాంద్యము.

నెమ్మదించుటయే అయినచో కొంత మేలు. ప్రక్కనే యున్న లిథియం బ్యాటరీ వేడిమికి త్వరగా ముదియును, ఉబ్బుటయు గలదు. టంకపుచుక్క యొకటి జాఱి రెండు స్థానములను కలిపినచో బోర్డంతయు పోవచ్చును. అన్నిటికన్న చెడ్డది కంటికి కనబడని దోషము. తాళము మితిమీఱినప్పుడు ప్రాసెసరు ఆగిపోవుటయేగాక, అప్పుడప్పుడు తప్పు లెక్కను ఒప్పుగా చూపును. ఫైలును చెఱచి దాచును. అమ్మాయి మూడునెలలు శ్రమించి సిద్ధపఱచిన ప్రాజెక్టు తెఱువబోగా తెఱచుకొనకున్నచో, ఆ నష్టమునకు వెల కట్టువారెవరు? పూచీకాలములో నున్న యంత్రమైనచో టంకము పెట్టిన దినముననే ఆ పూచీకూడ పోవును.

పోయిన వేగమును మరల తెచ్చుట

యంత్రము కొన్ననాడు చురుకుగానే యుండెను గదా! కావున క్రొత్త వేగమును పిండుటకు ముందు, ఉన్న వేగము ఎక్కడ పోయినదో వెదకుట గృహిణి లక్షణము. అందుకు మూడు గుర్తులు చెప్పెదము.

తెఱచిన వెంటనే బాగుగా నడచి, అరగంటకు ఫ్యాను హోరెత్తి నెమ్మదించినచో దోషము వేడిమిది. నడిగడ్డలో ప్రత్తి పండించు ఇండ్లలోను, మగ్గమున్న ఇండ్లలోను గాలిలో నూగు హెచ్చు. ఆ నూగును దుమ్మును ఫ్యాను లోనికి లాగికొని, వేడిగాలి పోవు సన్నని రెక్కలమధ్య దూదిపలకవలె పేర్చును. దానిని శుభ్రపఱచి, ప్రాసెసరుపై ఎండిపోయిన థర్మల్ పేస్టును తుడిచి క్రొత్తది పూయించినచో పోయిన వేగము చాలవఱకు తిరిగివచ్చును. ఇది స్వల్పవ్యయముతో తీఱు పని. ఇంటిలో మనము చేయదగినదియు గలదు: పఱుపుపైనను బొంతపైనను పెట్టి పనిచేయరాదు, అడుగున గాలిరంధ్రములు మూసికొనిపోవును. చెక్కపీటపై పెట్టుడు. తడిగుడ్డతో రంధ్రములను తుడువకుడు.

మొదటనే తెఱచుకొనుటకు అయిదాఱు నిమిషములు పట్టి, ఏ ఫైలు నడిగినను తడవు చేసినచో దోషము తఱచుగా డిస్కుది. పాత ల్యాప్‌టాపులలోని డిస్కు నిమిషమునకు 5,400 మాఱులు తిరుగు పళ్లెము. కావలసిన అక్షరము సూదిక్రిందికి వచ్చువఱకు ప్రాసెసరు చేతులు ముడుచుకొని కూర్చుండును. ప్రాసెసరు వేగమును ఎంత పెంచినను ఈ నిరీక్షణ తగ్గదు. దానిని తీసి, తిరుగుడులేని ఎస్.ఎస్.డి. పెట్టించినచో యంత్రము పునర్జన్మ మెత్తినట్లుండును. వేగమునకై ఒక్కటే వెచ్చింపగలిగినచో దీనికే వెచ్చింపుడని మా సలహా.

ఒకటి రెండు పనులవఱకు బాగుగా నుండి, నాలుగు కిటికీలు తెఱచినంతనే చతికిలబడినచో చాలనిది ర్యామ్. అది చేర్చుటకు వీలున్న యంత్రములు కొన్ని, బోర్డునకే అతికినవి కొన్ని. కొనకముందు మీ యంత్రము ఏ రకమో విచారింపవలెను.

దుకాణమున అడుగవలసిన ప్రశ్నలు

యంత్రమును ఇచ్చునప్పుడు సంకోచింపక ఈ నాలుగు ప్రశ్నల నడుగుడు. ఒకటి: నెమ్మదించుటకు కారణము వేడిమియా, డిస్కా, ర్యామా? ఏది చూచి చెప్పుచున్నారు? రెండు: బోర్డుపై టంకము పెట్టుదురా? పెట్టినచో ఏ భాగమున, ఏల? మూడు: విడదీసిన పాత భాగమును మాకు తిరిగి యిత్తురా? నాలుగు: పని ముగిసిన పిదప అరగంటసేపు నడిపి వేడిమి అంకెను మా కన్నులయెదుట చూపుదురా?

పని తెలిసినవారు ఈ ప్రశ్నలకు కోపగింపరు, సంతసించి యుత్తరమిత్తురు. "ఇవన్నియు మీకేల అమ్మా, మేము చూచుకొందుము" అని దాటవేసినచో యంత్రమును సంచిలో పెట్టుకొని యింటికి వచ్చుట మేలు. ఇచ్చుటకు ముందు ముఖ్యమైన ఫైలులను వేఱొకచోట దాచుకొనుట మఱవరాదు.

నేర్చుకొనువారి మాట

ఇంత చెప్పినందున, విప్పి చూచు కుతూహలమే తప్పని మా యభిప్రాయము కాదు. గోళ్లరంగుతోను పెన్సిలుతోను ప్రయత్నించినవారు యంత్రము ఎట్లు తాళము వేయునో, ఎక్కడ హద్దున్నదో చేతులతో తెలిసికొనిరి. అది విద్యయే. వనపర్తి సంస్థానాధీశుల ప్రాసాదమున 1959లో పాలిటెక్నిక్ వెలసినది. రాజులు మెలగిన గదులలో సామాన్యుల బిడ్డలు యంత్రములను విప్పి బిగించుట నేర్చిరి. అట్టి ప్రాంతమున చేతిపనిని చిన్నచూపు చూచుట తగదు.

కాని స్థలమును సమయమును ఎన్నుకొనవలెను. ఎవరికిని అక్కఱలేని పాత ల్యాప్‌టాపు ఒకటి సంపాదించి, ఉబ్బిన బ్యాటరీ యున్నచో దానిని గ్రుచ్చక నొక్కక తెలిసినవారిచేత తీయించి, ఆ బోర్డుపై ఎంతయైన అభ్యసింపుడు. చెడినచో పాఠము మిగులును. ఇంటిలో అందఱును ఆధారపడు ఒక్క యంత్రముపై అభ్యసించుట, విత్తనపు గింజలతో పేలాలు వేయించుటవంటిది.

ఇంకొక మాట. పిల్లవాడు యంత్రమును విప్పినచో "వాడికి బుద్ధి చురుకు" అందుము. ఆడుపిల్ల విప్పినచో "పాడుచేయుచున్నది" అందుము. ఈ పక్షపాతము మన నోటనుండియే తొలగవలెను. పట్టుపోగును నూలుపోగును కంటికి కనబడని మెలికతో కలుపగల చేతులకు, మఱ విప్పి దుమ్ము దులుపుట అసాధ్యమా? వచ్చు ఆదివారము మీ అమ్మాయిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ల్యాప్‌టాపును ఆపి, ఛార్జరు తీసి, అడుగుననున్న గాలిరంధ్రములను మెత్తని పొడికుంచెతో ఇద్దఱును శుభ్రపఱచుడు. తరువాత అరగంట నడిపి, ఫ్యాను హోరు తగ్గినదో లేదో గమనింపుడు. తగ్గనిచో మూడు గుర్తులనుబట్టి కారణమును నిశ్చయించుకొని, అప్పుడు దుకాణమునకు వెళ్లుడు.

బ్యాటరీని ఎట్లు కాపాడుకొనవలెనో, ఎప్పుడు మార్పింపవలెనో వచ్చు సంచికలో వ్రాయుదుము.